అలవాటు పడాల్సింది బూటు కాదు

పూర్తి మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. నాలుగు గంటల్లో దాన్ని ముగించే మనిషి నిమిషానికి సుమారు 170 అడుగులు వేస్తాడనుకుంటే మొత్తం నలభై వేల అడుగులు దాటుతాయి. అంటే ఒక్కో పాదం ఇరవై వేలసార్లు బూటులో ఒత్తుకుని లేస్తుంది. దుకాణంలో అటూ ఇటూ నడిచి చూసినప్పుడు తెలియని కుట్టు మొన, మడమ దగ్గర రవ్వంత వదులు, ఇరవై వేలతో హెచ్చవేసేసరికి చిన్న లోపాలుగా మిగలవు. అందుకే కొత్త బూట్లతో నేరుగా పందేనికి దిగవద్దని అనుభవమున్న రన్నర్లంతా చెబుతారు. ఆ సలహాతో నాకు పేచీ లేదు. దానికి మామూలుగా చెప్పే కారణంతోనే పేచీ. బూటు మెత్తబడాలి, సాగాలి, కాలికి తగ్గట్టు ఒదగాలి అంటారు. కారణాన్ని ఇలా అర్థం చేసుకున్నవాళ్లు కొత్త జతను నాలుగు రోజులు ఇంట్లోనూ ఆఫీసులోనూ తొడుక్కు తిరిగి, ఇక మెత్తబడిందనుకుని ఆదివారం తెల్లవారుజామున స్టార్ట్ లైన్ దగ్గర నిలబడతారు. వాళ్లు సలహాను పాటించారు, కానీ దానివల్ల కలగాల్సిన మేలు మాత్రం వాళ్లకు దక్కలేదు.

తోలు చెప్పుల కాలంలో ఆ కారణం నిజమే. కొత్త చెప్పు కరుస్తుంది. ఆముదం రాసి, నాలుగు వారాలు తొడిగితే తోలు లొంగుతుంది. ఇవాళ్టి పరుగు బూటుకు పైన ఉన్నది పలచని వలలాంటి అల్లిక బట్ట, అది మొదటి రోజే మెత్తగా ఉంటుంది. కింద ఉన్న మిడ్‌సోల్ ఈవీఏ లాంటి నురుగు పదార్థం. అందులోని కోటానుకోట్ల గాలి బుడగలే అడుగు తాకిడిని మింగుతాయి. వాడేకొద్దీ ఈ నురుగులో వచ్చే మార్పు ఏమిటో 1985లో కుక్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు యంత్రంతో బూట్లను పరిగెత్తించి కొలిచారు. సుమారు 80 కిలోమీటర్ల తర్వాత బూటు తాకిడిని మింగే శక్తిలో నాలుగింట మూడు వంతులే మిగిలింది. 160 నుంచి 240 కిలోమీటర్ల దగ్గర అది మూడింట రెండు వంతులకు దిగింది. ఆ తర్వాత తరుగుదల నెమ్మదించింది. అప్పటి బూట్లు వేరు, ఇప్పటి నురుగులు వేరు. అంకెలను యథాతథంగా ఇప్పటివాటికి అంటగట్టకూడదు. కానీ దిశ స్పష్టం. మొదటి పరుగుల్లో బూటు మెరుగుపడదు, కొంత మెత్తదనం పోగొట్టుకుంటుంది. మరి బూటు బాగుపడటానికి కాకపోతే ఆ ముందస్తు కిలోమీటర్లు ఎందుకు? వాటి అవసరం మన శరీరానిది.

మొదట చర్మం సంగతి చూద్దాం. బొబ్బ అంటే పైన రుద్దుకుని అరిగిన చోటు అనుకుంటాం. జరిగేది అది కాదు. చర్మం పైపొర మేజోడుకు, మేజోడు బూటుకు అంటుకుని నిలిచిపోతాయి. లోపల ఎముక మాత్రం ప్రతి అడుగుకూ ముందుకూ వెనక్కూ కదులుతుంది. ఆ రెంటి మధ్యనున్న మెత్తని పొరలు ఒకసారి అటు, ఒకసారి ఇటు లాగబడి, చివరికి బాహ్యచర్మం లోపలే ఒక చీలిక వస్తుంది. అందులోకి నీరు చేరుతుంది. పూర్తిగా పొడిగా ఉన్న చర్మం కాస్త జారుతుంది. చెమటతో తడిసిన చర్మమే మేజోడును గట్టిగా పట్టుకుంటుంది. హైదరాబాద్ మారథాన్ జరిగేది ఆగస్టులో, వానాకాలపు ఉక్కలో, ఎక్కి దిగాల్సిన ఫ్లైఓవర్ల మీద. బొబ్బకు కావలసినవన్నీ అక్కడ ఉన్నాయి: తడి, దూరం, దిగేటప్పుడు వేళ్లు ముందుకు జారి బూటు ముక్కుకు కొట్టుకోవడం. దీనికి చర్మం దగ్గర ఒక జవాబుంది. ఒకేచోట తట్టుకోగలిగినంత రాపిడి మళ్లీ మళ్లీ తగిలితే అక్కడ అది మందమవుతుంది. అయితే పాత బూటు నొక్కిన చోట కాసిన కాయ, కొత్త బూటు నొక్కే చోట అక్కరకు రాదు. కొత్త చోట కొత్తగా గట్టిపడాలి. అది వారాల పని. ఆఫీసులో తొడుక్కు కూర్చుంటే జరిగేది కాదు.

చర్మం కంటే నెమ్మదిగా మారేవి పిక్కలు, మడమ వెనుక నరంలా తగిలే అకిలిస్ స్నాయువు, పాదంలోని చిన్న ఎముకలు. మడమ కింద మందానికీ వేళ్ల కింద మందానికీ ఒక బూటులో పది మిల్లీమీటర్ల తేడా ఉంటుంది, మరొకదానిలో నాలుగే. పదికి అలవాటుపడినవాళ్లు నాలుగుకు మారితే మడమ కిందికి దిగి, పిక్కా స్నాయువూ ప్రతి అడుగుకూ కొంచెం ఎక్కువ సాగుతాయి. బూటు కాలికి హాయిగానే ఉంటుంది, కాబట్టి అనుమానం రాదు. నొప్పి మర్నాడు తెలుస్తుంది. కార్బన్ పలక ఉన్న బూట్లతో ఈ జాగ్రత్త మరీ అవసరం. 2023లో స్పోర్ట్స్ మెడిసిన్ పత్రికలో, అలాంటి బూట్లతో పరిగెత్తాక పాదంలోని నావిక్యులర్ ఎముకకు ఒత్తిడి గాయమైన ఐదుగురి వివరాలను వైద్యులు ప్రచురించారు. ఐదుగురి కథతో బూటే కారణమని తేల్చలేం. వాళ్లు ఇచ్చిన సలహా మాత్రం తీసిపారేయలేనిది: ఈ బూట్లకు క్రమక్రమంగా మారండి.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా వట్టి కాళ్లతో మారథాన్ గెలిచిన కథ అందరికీ తెలిసిందే. 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు, అప్పటికి ప్రపంచంలోనే అత్యుత్తమ సమయం. దాన్ని వట్టి కాళ్ల విజయంగా చెప్పుకుంటారు. కానీ అక్కడ దొరికిన బూట్లు ఆయన పాదాలకు కుదరలేదు. వట్టి కాళ్లతో పరిగెత్తడం ఆయనకు సాధనలోనే అలవాటు. తెలియని బూటుకూ తెలిసిన నేలకూ మధ్య ఆయన తెలిసినదాన్ని ఎంచుకున్నాడు. 1964లో టోక్యోలో బూట్లతో పరిగెత్తి మళ్లీ గెలిచాడు కాబట్టి, బూట్లతో ఆయనకు వైరమేమీ లేదు.

కొత్త బూట్లను ముందే సాధనలో పరీక్షించాలన్న మాటకు ఎదురు చెప్పేవాళ్లు కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్‌చోగెను చూపిస్తారు. 2015 బెర్లిన్ మారథాన్‌లో ఆయన కొత్త రకం బూట్ల లోపలి అట్టలు మడమ వైపు నుంచి బయటికి జారి, రెక్కల్లా కొట్టుకుంటూ కనిపించాయి. పాదం బొబ్బలెక్కి నెత్తురు కారింది. ఆ బూట్లు సాధనలో బాగానే ఉన్నాయని ఆయనే చెప్పాడు. ముందు పరీక్షించినా అంతే అయితే పరీక్షించి లాభమేమిటి, పైగా 2 గంటల 4 నిమిషాల్లో గెలిచాడు కదా అన్నది ప్రశ్న. గెలిచింది కిప్‌చోగె. అలాంటి బాధతో చివరిదాకా వెళ్లగల మనిషిని చూసి మిగతావాళ్లు లెక్క వేసుకోకూడదు. ఇక పరీక్ష సంగతి: అది ప్రతి ముప్పునూ పట్టుకోదు, ఎక్కువ భాగాన్ని పట్టుకుంటుంది. పందెపు వేగానికీ దూరానికీ చెమటకూ అది ఎంత దగ్గరగా ఉంటే అంత ఎక్కువ పట్టుకుంటుంది. మరో అభ్యంతరం కొత్తది. ఇప్పటి పందెపు బూట్ల ఆయుష్షే తక్కువ, సాధనలో అరగదీస్తే పందేనికి ఏం మిగులుతుంది? 2023లో టిగిస్ట్ అసెఫా బెర్లిన్‌లో 2:11:53తో మహిళల ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు తొడుక్కున్న అడిడాస్ బూటు 138 గ్రాములు. అప్పట్లో జత ధర 500 డాలర్లు. అది ఒక్క మారథాన్ కోసం చేసినదని కంపెనీయే చెప్పింది. ఆ లెక్కలోనూ కాలికి అలవాటు చేసుకునే పరుగులకు చోటు ఉంచింది. ఇంతకంటే సున్నితమైన బూటు మన ఊరి రన్నర్లలో ఎంతమంది కొంటారు?

కాబట్టి నా అభిప్రాయంలో పందేనికి ఐదారు వారాల ముందే జత కొనాలి, అదీ సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, పొడవైన కాలివేలికి ముందు చేతి బొటనవేలి వెడల్పంత జాగా మిగిలేలా. మొదటి వారం చిన్న పరుగులకే వాడి, మిగతా రోజుల్లో పాతవాటినే కొనసాగించాలి. లక్సెంబర్గ్‌లో 264 మంది రన్నర్లను 22 వారాలు గమనించిన అధ్యయనంలో, ఒకటికి మించి జతలు మార్చి వాడినవాళ్లకు గాయాల ముప్పు 39 శాతం తక్కువగా కనిపించింది కూడా. మొదటి వారం గడిచాక తప్పనిసరిగా ఒక లాంగ్ రన్, ఇరవై అయిదు కిలోమీటర్లకు తగ్గకుండా, పందెం రోజు వేసుకోబోయే మేజోళ్లతోనే. పాదం ఉబ్బి, మేజోడు తడిసి, అలసటకు అడుగు వాలు మారేది ఇరవై దాటాకే; పది కిలోమీటర్ల పరుగులు ఎన్ని చేసినా ఆ సంగతి చెప్పవు. ఈ లాంగ్ రన్ పందేనికి మూడు వారాల ముందు జరిగితే బొబ్బ మానడానికీ, లేసులు వేరుగా కట్టి చూడటానికీ, సైజు మార్చుకోవడానికీ వ్యవధి ఉంటుంది. ఖర్చు దండగ అనడానికీ లేదు. మామూలు బూటు 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా పనికొస్తుందంటారు; అందులో ఈ ఎనభై, తొంభై ఎలాగూ చేయాల్సిన సాధనే. అన్నిటికీ ఆలస్యమై, బిబ్ తీసుకోవడానికి వెళ్లినచోట తగ్గింపు ధరకు మెరిసే జత దొరికితే కొనుక్కోవచ్చు, కాని పెట్టెలోనే ఉంచాలి. నాలుగు వందల కిలోమీటర్లు తిరిగిన పాత జతలో తరుగుదల చాలామటుకు ఎప్పుడో జరిగిపోయింది. నిన్నటికీ రేపటికీ అందులో పెద్ద తేడా రాదు. మర్నాటి పరుగుకు దాని లేసులే బిగించుకోవాలి.