ఇంకా ఉన్నది

ఆ మధ్య ఒకనాడు పాఠం ముగిసి పది నిమిషాల వ్యవధి మిగిలి ఉండగా, మా ఇంటర్మీడియేట్ విద్యార్థులు తమలో తాము తీవ్రంగా వాదించుకొనటం నా చెవిని పడింది. మాహిష్మతి మీదికి ఈసారి ఎటువంటి శత్రువు రాబోతున్నాడు? శివగామీదేవి పూర్వచరిత్ర చూపుతారా, దాటవేస్తారా? బాహుబలికీ భల్లాలదేవుడికీ నడుమ వైరానికి బీజం ఎక్కడ పడినట్లు చెబుతారు? ఏదో రాజవంశాన్ని గురించి పరిశోధిస్తున్న పండితుల వలె వారు ప్రమాణాలు చూపుతూ, ఒకరి వాదాన్ని మరొకరు ఖండిస్తూ ఉన్నారు. శాసనాధారాలు లేవన్న లోటు తప్ప ఆ చర్చలో మరే లోపమూ నాకు కనిపించలేదు.

వారు వాదించుకుంటున్నది 2024 మే 17వ తేదీన విడుదలయిన 'బాహుబలి: క్రౌన్ ఆఫ్ బ్లడ్' అనే యానిమేషన్ ధారావాహికను గురించి. రాజమౌళి, శరద్ దేవరాజన్ కలిసి రూపొందించిన బొమ్మల కథ అది, తొమ్మిది ఘట్టాలు. రక్తదేవుడనే యుద్ధవీరుడు మాహిష్మతి మీదికి రాగా, బాహుబలీ భల్లాలదేవుడూ ఏకమై రాజ్యాన్ని కాపాడుకొనటం అందులోని ఇతివృత్తం. మా పిల్లలు దాని తరువాతి సీజను కోసం ఎదురుచూస్తున్నారు. పది నిమిషాలూ వృథా చేయటం ఎందుకని, తరువాతి భాగంలో ఏమి ఉండాలని కోరుకుంటున్నారో తలా ఒక కాగితం మీద వ్రాసి ఇమ్మన్నాను.

ఆ కాగితాలు ఇంటికి తెచ్చుకొని చదివాను. అధిక సంఖ్యాకుల కోరికలు పెండ్లివారు వంటవానికి చెప్పే జాబితా వంటివి. యుద్ధం మరింత పెద్దదిగా ఉండాలి, శత్రువు మరింత బలవంతుడై ఉండాలి, ఏనుగులు ఉండాలి, మంత్రశక్తి గల ఆయుధం ఒకటయినా ఉండాలి. కాదనను, పిల్లల ఆకలి అట్లాగే ఉంటుంది. కాని ఒక విద్యార్థిని కాగితంలో ఒకే వాక్యం ఉన్నది. 'కట్టప్ప బాహుబలిని చంపే లోపల ఒక్కసారయినా తన కోసం తాను ఏదయినా చేసుకోవాలి' అని ఆ పిల్ల వ్రాసింది. మిరప చేల మధ్య నుంచి బస్సెక్కి వచ్చే పిల్ల. తండ్రి ఒక పెద్ద రైతు దగ్గర ఏడాది జీతానికి పాలేరుగా ఉంటున్నాడని తరువాత తెలిసింది.

ఆ వాక్యం నన్ను చాలా దూరం ఆలోచింపజేసింది. 2015 జులై 10న మొదటి చిత్రం వచ్చినప్పుడు, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న దేశమంతటా మారుమ్రోగిన సంగతి ఎరుగుదుము. 2017 ఏప్రిల్ 28న రెండవ చిత్రం వచ్చేదాకా ఇరవై యొక్క నెలలకు పైగా జనం ఆ ప్రశ్నను నోట నానుస్తూనే ఉన్నారు. సమాధానం దొరికింది, ప్రశ్న ఆనాటితో చల్లారింది. ఇది ఒక రకపు నిరీక్షణ. తెలియనిదానిని తెలుసుకోవాలన్న ఆరాటమే దానికి ప్రాణం గనుక, తెలిసిన మరుక్షణం దానికి ఆయువు తీరుతుంది. ఈ బొమ్మల కథ సంగతి వేరు. చిత్రాలలోని విపత్తుకు చాలా పూర్వం జరిగిన కథ ఇది. ముగింపు చూసేవారందరికీ తెలుసు. రక్తదేవుడు ఎంత భయంకరుడయినా బాహుబలి ఇక్కడ మరణించడు. కట్టప్ప ఎంత వాత్సల్యం చూపినా చివరకు ఆ చేతితోనే కత్తి దూస్తాడు. అటు గట్టూ ఇటు గట్టూ ముందే కట్టి ఉన్నాయి. నడుమ పారవలసిన నీటి కోసం మా పిల్లలు ఎదురుచూస్తున్నారు.

ముగింపు తెలిసిన కథకు రక్తి ఉండదని కొందరి అభిప్రాయం. మన తోలుబొమ్మలాట చూచినవారు ఆ మాట అనరు. కదిలే బొమ్మలతో కథ చెప్పటం మనకు పరాయి విద్య కాదు గదా. తెల్లని తెర వెనుక ఆముదపు దీపాల వెలుగులో, రంగనాథ రామాయణపు ద్విపదలు పాడుతూ, బల్లచెక్కలు కాళ్ళతో ఫెళఫెళ మ్రోగిస్తూ రామరావణ యుద్ధం ఆడుతూ ఉంటే, రావణుడు చస్తాడని తెలియని పసివాడు కూడ ఆ జనంలో ఉండడు. అయినా తెల్లవారేదాకా కదిలేవారు కారు. ఏమి జరుగుతుందని కాక, ఈ రాత్రి ఈ ఆటగాడు ఎట్లా జరిపిస్తాడని వారి ఎదురుచూపు. రామాయణంలో ఎక్కడా లేని బంగారక్కా జుట్టుపోలిగాడూ నడుమ దూరి కొట్లాడుకొనే చోటు కూడ ఆ గట్ల మధ్య చూసుకున్నదే.

మన లాక్షణికులు నాటకంలో నాయకుని కార్యానికి ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం అని ఐదు అవస్థలు చెప్పారు. వీటిలో ప్రాప్త్యాశ నట్టనడిమిది: ఫలం దక్కుతుందన్న ఆశా, దక్కదేమోనన్న శంకా పెనవేసుకొని ఉండే చోటు. ఈనాటి ధారావాహికల కర్తలు దశరూపకం చదివి ఉండకపోవచ్చును గాని, సీజనును సరిగా ఆ చోటనే ఆపటం వారికి బాగుగా తెలుసు.

ఆ విద్యలో ఒకనాడు ఆరితేరినవారు మా గుంటూరు సీమవారే. చందమామ 1947 జులైలో మద్రాసు నుంచి వెలువడినప్పుడు నాగిరెడ్డిగారితో పాటు దానిని నిలబెట్టిన చక్రపాణిగారిది తెనాలి. 1952 మొదలుకొని 1980లో మరణించేదాకా దాని సంపాదక బాధ్యత మోసిన కొడవటిగంటి కుటుంబరావుగారిదీ తెనాలే. అదే 1952లో అక్కడ చేరి అర్ధశతాబ్దానికి పైగా పనిచేసిన దాసరి సుబ్రహ్మణ్యంగారు, 1932లో, గుంటూరు జిల్లాలోనే పుట్టారు. 1954లో మొదలయిన తోకచుక్క నుంచి, మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, మాయాసరోవరం మీదుగా భల్లూకమాంత్రికుడి దాకా పన్నెండు ధారావాహికలు ఆయన వ్రాశారు. వాటికి బొమ్మలు గీసిన 'చిత్ర' గారి మాంత్రికులూ మొసళ్ళూ కదలకపోయినా, పిల్లల కలలలోకి వచ్చినప్పుడు నడిచేవి, ఈదేవి. ఆశ్చర్యమేమంటే, ఆ ధారావాహికల మీద రచయిత పేరు ఉండేది కాదు. తెలుగుదేశంలోని బాలబాలికలు నెలనెలా ఎవరి కోసం ఎదురుచూశారో వారికే తెలియదు. 2010లో సుబ్రహ్మణ్యంగారు విజయవాడలో కన్నుమూసినప్పుడు, ఆ కథలన్నీ ఒక్కరే వ్రాశారా అని నోళ్ళు తెరిచిన పెద్దవారిని నేను ఎరుగుదును.

ఇక్కడ నా సొంత గోడు కొంత చెప్పక తప్పదు. మా అన్నయ్య పాత చందమామలను వరుసగా కుట్టి, అట్ట వేయించి పెట్టాడు. నాకు పన్నెండేళ్ళప్పుడు మాయాసరోవరం చదవటం మొదలుపెట్టాను. జయశీలుడూ సిద్ధసాధకుడూ ఒక ఆపదలో ఉండగా, అడుగున 'ఇంకా ఉన్నది' అన్న మాట. పుట తిప్పితే మరుసటి నెల కాదు, ఆ పై నెల సంచిక. నడుమ సంచికను ఎవరో అరువు పుచ్చుకొని పోయారు. ఇద్దరూ ఆపద తప్పించుకొని మరెక్కడో ఉన్నారు. ఎట్లా తప్పించుకున్నారు?

అది మిరప కోతల కాలం. కల్లంలో కాయ ఎండటానికి పది పదిహేను రోజులు పడుతుంది. రాత్రిళ్ళు మంచుకు తడవకుండా రాశులకు దోసి, కప్పి, నులకమంచం వేసుకొని కాపలా పడుకోవాలి. ఘాటుకు దగ్గుకుంటూ, తుమ్ముకుంటూ, లాంతరు వెలుగున నేను కథ చదివితే నలుగురు పిల్లలు వినేవారు. ఆ రాత్రి సంచిక లేదని చెప్పటానికి నాకు నామోషీ అయింది. లేని సంచికను ఉన్నట్లే చదివాను. ఇష్టం వచ్చినట్లు కల్పించటానికి వీలు లేదు. వెనుక నెలలో పోయిన కత్తి వెనుకనే పోయి ఉండాలి, ముందు నెలలో ఉన్న గాయం ఇక్కడే తగలాలి. నా జీవితంలో అంత కట్టుదిట్టంగా నేను మరే రచనా చేయలేదు. ఎన్నో ఏళ్ళకు ఆ సంచిక దొరికింది. సుబ్రహ్మణ్యంగారి ఘట్టం నాదానికంటె ఎంతో సులువుగా, ఎంతో హాయిగా ఉన్నది. ఇప్పటికీ మా ఊళ్ళో మిరప వేస్తున్న నా బాల్యమిత్రునికి ఆ సంగతి చెప్పాను. 'కాదులే, తరువాత వాళ్ళు మార్చి ఉంటారు' అన్నాడు.

నడిమి సంచిక పోవటం అనే ఈ ఆపద తెలుగు సాహిత్యానికే ఒకప్పుడు సంభవించింది. నన్నయ భారతంలో ఆది, సభాపర్వాలు ముగించి, అరణ్యపర్వం నాలుగవ ఆశ్వాసం మధ్య శరత్కాలపు రాత్రులను వర్ణిస్తూ ఆగిపోయాడు. పదమూడవ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకొని పదునైదు పర్వాలు పూర్తిచేశాడు గాని, ఆ నడిమి భాగం ముట్టలేదు. ముట్టినవారికి కీడు మూడుతుందన్న భయం ఉండేదని చెప్పుకుంటారు. సావిత్రి కథా యక్షప్రశ్నలూ ఆ లుప్తభాగంలోనివే. తెలుగు పాఠకుడు వాటి కోసం రెండున్నర శతాబ్దాలకు పైగా ఎదురుచూశాడు. ఇరవై యొక్క నెలలు ఒక లెక్కా! చివరకు ఆ పని పదునాల్గవ శతాబ్దంలో, అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయవేముని ఆస్థానకవి ఎఱ్ఱన చేశాడు. నన్నయ శరద్రాత్రి దగ్గర ఆగితే, ఎఱ్ఱన శరత్ప్రభాతంతో మొదలుపెట్టాడు. నన్నయ శైలిలో ఆరంభించి, పోను పోను తిక్కన శైలికి చేరువయ్యాడని విమర్శకులు మెచ్చుకుంటారు. అంతకంటె నాకు గొప్పగా తోచేది మరొకటి. తన్ను పోషించే రాజు ఎదుట ఉండగా, మూడువందల ఏళ్ళనాటి రాజరాజనరేంద్రునికే ఆ భాగాన్ని అంకితం చేశాడు, నన్నయే పూర్తిచేసినట్లుగా. స్వతంత్రంగా వ్రాయలేక కాదు. నృసింహపురాణమూ హరివంశమూ ఆయనవే గదా. (2025 జులైలో 'మహావతార్ నరసింహ' అనే యానిమేషన్ చిత్రం వచ్చి పిల్లలను ఊపివేసినప్పుడు, ఈ కథ మన ఎఱ్ఱన వ్రాశాడురా అని చెప్పాను. ఏ ఛానెల్లో అని అడిగాడు ఒకడు.)

కనుక తరువాతి భాగం కోరేవారికి ఏ హక్కు ఉన్నదని నన్ను అడిగితే, ఏనుగుల సంఖ్య నిర్ణయించే హక్కు లేదంటాను. గట్లు తెగకూడదని అడిగే హక్కు మాత్రం సంపూర్ణంగా ఉన్నది. కట్టప్ప ఈ సీజనులో పిరికివాడుగానో, ద్రోహిగానో కనిపిస్తే, చిత్రాలలోని ఆ కత్తి వేటుకు బరువు ఉండదు. మొదటి చిత్రంలో ఒక ఆయుధవర్తకుడు అతనిని బానిసత్వం నుంచి విడిపిస్తానంటే, పూర్వులు సింహాసనానికి ఇచ్చిన మాట ఉన్నదని ఒప్పుకోడు. అటువంటి మనిషికి ఒక ఉదయం ఎట్లా తెల్లవారుతుంది, ఒక సాయంత్రం ఏమి తోస్తుంది అన్నది రెండు చిత్రాలలోనూ లేదు. లేని సంచిక అది. మా విద్యార్థిని అడిగింది దానిని. యుద్ధాలడిగిన వారందరికంటె ఆ పిల్ల కథను దగ్గరగా చూసిందని నా నమ్మకం.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. బొమ్మల కథలు చదువు పాడుచేస్తున్నవని మనం కోపగించుకొనటంలో కొంత న్యాయం లేకపోలేదు. సీజను మొత్తం ఒక్క రాత్రిలో చూసివేసి మరునాడు తరగతిలో కునుకుతున్న పిల్లవానికి ఎదురుచూపు అంటే ఏమో తెలియకుండా పోతున్నది కూడ. కాని సీజనుకూ సీజనుకూ నడుమ వచ్చే ఖాళీ మన చేతిలోనిది. ఆ ఖాళీలో మన పిల్లల చేత నాలుగు పుటలు వ్రాయించవచ్చును. ఎఱ్ఱన పాఠం చెప్పేటప్పుడు నేను ఇప్పుడు ఆ పనే చేస్తున్నాను.

ఆ పిల్లను పిలిచి, నీవు కోరినది నీవే వ్రాయరాదా అన్నాను. వారం రోజులకు నాలుగు పుటలు తెచ్చి ఇచ్చింది. కట్టప్ప ఒకనాడు రాజమాత దగ్గర సెలవు పుచ్చుకొని తన ఊరికి బయలుదేరుతాడు. ఆ ఊళ్ళో అతనిని ఎవరూ గుర్తుపట్టరు. ఒక ముసలమ్మ ప్రత్తి తీస్తూ, ఖాళీగా నిలబడ్డావెందుకయ్యా అని కేకవేస్తుంది. కత్తి గట్టున పెట్టి, పొద్దుగూకేదాకా ప్రత్తి తీసి, ఆమె ఇచ్చిన కూలి డబ్బులు మొలలో దోపుకొని, చీకటి పడకముందే కోటకు తిరిగి వస్తాడు.

'అంతదూరం పోయినవాడు మళ్ళీ ఎందుకు వచ్చాడమ్మా?' అని అడిగాను.

'రాకపోతే తరువాతి కథ జరగదు గదా సార్' అన్నది.