కొత్త వీరుడికి ఎంత బలం ఇవ్వాలి? పాచికలు చెప్పే లెక్క

ఢిల్లీ జన్‌పథ్‌లోని నేషనల్ మ్యూజియంలో హరప్పా గ్యాలరీకి వెళ్లినవారిలో చాలామంది నాట్యగత్తె కంచు బొమ్మ దగ్గరే ఆగిపోతారు. ఆ బొమ్మను పోతపోసిన నాగరికతే పాచికలనూ చేసింది. మొహెంజొదారో తవ్వకాల్లో బయటపడిన మట్టి పాచికలు ఇంచుమించు మన లూడో పాచికల్లాగే ఉంటాయి. ఆరు ముఖాలు, 1 నుంచి 6 వరకు చుక్కలు. తేడా చుక్కల అమరికలో ఉంది. నేటి పాచికలో ఎదురెదురు ముఖాలను కలిపితే ఎప్పుడూ 7 వస్తుంది. ఆనాటి పాచికల్లో చాలావాటికి 1కి ఎదురుగా 2, 3కి ఎదురుగా 4, 5కి ఎదురుగా 6 ఉన్నాయి.

ఘనం సరిగ్గా కుదిరితే ఈ అమరికతో పనిలేదు. కానీ చేత్తో చేసిన మట్టి ముద్ద ఒకవైపు కాస్త నొక్కుకుపోయిందనుకోండి. అప్పుడు ఆ రెండు వెడల్పు ముఖాలే ఎక్కువసార్లు పడతాయి. నేటి పాచికలో ఆ జత ఏదైనా దాని సగటు 3.5 కాబట్టి, మొత్తం మీద సగటు చెదరదు. సింధు పాచికలో మాత్రం ఆ జత 5, 6 అయితే ఆటగాడి పంట పండినట్టే. 1, 2 అయితే మునిగినట్టే. ఎవరి రాత ఎలా ఉండాలన్నది పాచిక నిర్మాణంలోనే ఇమిడిపోయే అవకాశం ఉందన్నమాట.

ఆటగాడి రాతలో ఎంత భాగాన్ని పాచికకు వదలాలి అన్న ప్రశ్న రోల్ ప్లేయింగ్ గేమ్‌లలో మొదటి నిమిషంలోనే ఎదురవుతుంది. నలుగురైదుగురు మిత్రులు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరూ ఒక యోధుడినో మంత్రగాడినో సృష్టించుకుంటారు. గేమ్ మాస్టర్‌గా ఉన్నవారు కథ నడుపుతుంటే, తలుపు తెరుచుకుందా, కత్తి తగిలిందా అన్నవాటిని పాచికలు తేలుస్తాయి. అమెరికాకు చెందిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో వెలువరించిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఈ తరహా ఆటలకు ఆద్యం. ఆట మొదలయ్యేటప్పుడు ఆ పాత్ర ఎంత బలంగా ఉండాలన్న వాదన కూడా దాదాపు ఆ ఆటంత పాతదే.

తొలినాటి పద్ధతి చాలా సూటిగా ఉండేది. దేహబలం, తెలివి, చురుకుదనం వంటి ఆరు గుణాల్లో ఒక్కోదానికి మూడు పాచికలు వేసి కూడాలి. మూడు పాచికలు 216 రకాలుగా పడగలవు. వాటిలో 10 వచ్చేవి 27, 11 వచ్చేవి మరో 27. మూడూ ఆరులై 18 వచ్చేది ఒక్కటే. అందుకే ఎక్కువమంది మధ్యలో, అతి కొద్దిమంది అంచుల్లో ఉంటారు. మనుషుల ఎత్తుల్ని గ్రాఫు గీస్తే వచ్చే గంట ఆకారం ఇలాంటిదే. వినడానికి సహజంగానే ఉంది.

చిక్కు పక్కవాడితో పోల్చుకున్నప్పుడు మొదలవుతుంది. ఆరు గుణాలనూ కూడితే సగటు 63. ఆ మొత్తం సాధారణంగా ఏడు పాయింట్లు అటూ ఇటూ ఊగుతుంది. నలుగురు మిత్రులు ఇలా పాత్రలు తయారుచేసుకుంటే, అందరికంటే అదృష్టవంతుడికీ దురదృష్టవంతుడికీ మధ్య సగటున 15 పాయింట్ల దాకా తేడా వస్తుంది. ఒక్క సాయంత్రం ఆడే ఆటలో అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. నెలల తరబడి ప్రతి ఆదివారం కొనసాగే కథలో, మొదటిరోజు పడిన పాచికల వల్ల ఒకరు ఎప్పటికీ వెనకే నడవాల్సి వస్తుంది. తర్వాత నాలుగు పాచికలు వేసి, తక్కువ పడినదాన్ని తీసేసే పద్ధతి ప్రాచుర్యంలోకి వచ్చింది. దాంతో సగటు 10.5 నుంచి 12.24కు పెరిగింది. 18 పడే అవకాశం మూడున్నర రెట్లయింది. అసలు పాచికలే వద్దనుకునేవారికి 15, 14, 13, 12, 10, 8 అనే స్థిరమైన అంకెలు కూడా ఉన్నాయి. వీటి సగటు సరిగ్గా 12. వీటిని ఏ గుణానికి ఏది అన్నది ఆటగాడి ఇష్టం. మిత్రుల మధ్య న్యాయం కావాలంటే ఈ చివరిదే మేలు, కాస్త చప్పగా ఉన్నా సరే.

గుణాలకంటే ప్రాణం సంగతి మరీ కఠినం. పాత్ర ఎన్ని దెబ్బలకు తట్టుకోగలదో చెప్పేవి హిట్ పాయింట్లు. 1970లలో కొత్త మంత్రగాడికి నాలుగు ముఖాల పాచిక ఒకసారి వేసి, ఎంత పడితే అన్ని ఇచ్చేవారు. శత్రువు కత్తి దెబ్బకు ఎనిమిది ముఖాల పాచిక. ఈ రెండూ కలిపి 32 రకాలుగా పడతాయి. అందులో 26 సార్లు దెబ్బ విలువ ప్రాణానికి సమానంగానో ఎక్కువగానో ఉంటుంది. అంటే తగిలిన మొదటి దెబ్బకే మంత్రగాడు నేలకొరిగే అవకాశం 81 శాతం! గంటసేపు కూర్చుని పేరు, ఊరు, చిన్నప్పటి కథ అల్లుకున్న పాత్ర పది నిమిషాల్లో ముగిసిపోతే, కొత్తగా వచ్చిన ఆటగాడు మళ్లీ ఆ బల్ల దగ్గరికి రాకపోవచ్చు.

ఇప్పుడు అదే దెబ్బలను 40 హిట్ పాయింట్లున్న పాత్ర మీద వేసి చూడండి. ఒక్కో దెబ్బ సగటు 4.5 కనుక పడిపోవడానికి తొమ్మిది పది దెబ్బలు కావాలి. ఐదే దెబ్బల్లో పడాలంటే ఐదుసార్లూ 8 రావాలి. ఆ అవకాశం 32,768లో ఒక్కటి. పాచికలు ఎన్ని ఎక్కువసార్లు పడితే ఫలితం అంతగా సగటుకు దగ్గరవుతుందన్న బృహత్ సంఖ్యల నియమం ఇక్కడ పనిచేస్తోంది. నాలుగో దెబ్బకే ఆటగాడికి ప్రమాదం అర్థమవుతుంది. పారిపోవాలా, బేరమాడాలా, మిత్రుణ్ణి పిలవాలా అని ఆలోచించే వ్యవధి దొరుకుతుంది. బలహీనుడికి లేనిది ఈ వ్యవధే. అతని విషయంలో తెలివైన నిర్ణయానికీ మొండి నిర్ణయానికీ మధ్య తేడాను పాచిక చెరిపేస్తుంది.

అలాగని మొదటిరోజే మహావీరుణ్ణి ఇచ్చేస్తే? 4 హిట్ పాయింట్లున్నవాడికి మరో 4 కలిస్తే ప్రాణం రెట్టింపవుతుంది. 40 ఉన్నవాడికి ఆ నాలుగే కలిస్తే పెరిగింది పదోవంతు. మన ఇంద్రియాలు తేడాను అంకెల్లో కాకుండా నిష్పత్తిలో పసిగడతాయని 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ వెబర్ బరువులు ఎత్తించి గమనించాడు. చేతిలో వంద గ్రాములుంటే పది గ్రాములు కలిపినా తెలుస్తుంది. ఐదు కిలోలుంటే అదే పది గ్రాములు కలిపినట్టే తెలియదు. ఆటలో ఎదుగుదల సంతోషం బరువులెత్తడం లాంటిది కాకపోయినా, పోలిక మాత్రం బాగానే అతుకుతుంది. కింద నుంచి మొదలైనవాడే ఎక్కినట్టు అనుభూతి చెందుతాడు.

ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి అడ్డం. ఒక్కో సాహసంలో చనిపోయే అవకాశం పది శాతమే అనుకున్నా, పది సాహసాలు దాటి మిగిలేది వందలో 35 మందే. దాన్ని ఐదు శాతానికి తగ్గిస్తే 60 మంది మిగులుతారు. కొత్త పాత్రకు చేసే చిన్న సాయం ఇలా పోగుపడుతూ పోతుంది. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ ఈ మధ్యేమార్గాన్నే పట్టుకుంది. మొదటి స్థాయిలో హిట్ పాయింట్లకు పాచిక వేయరు, దాని గరిష్ఠ విలువ ఇచ్చేస్తారు. యోధుడికి 10, మంత్రగాడికి 6, దేహదారుఢ్యాన్ని బట్టి మార్పు. ఆ లెక్కన పాత కత్తి దెబ్బ ఒక్కటి యోధుణ్ణి పడగొట్టలేదు. మంత్రగాడు పడే అవకాశం కూడా 37.5 శాతానికి దిగింది. అయినా భయం పోలేదు.

ఢిల్లీవాసులకు ఈ మొదలు పరిచితమైనదే. పురానా కిలా ఉన్నచోటే ఇంద్రప్రస్థం ఉండేదని నగరంలో తరతరాల నమ్మకం. భారతకథలో పాండవులకు పంపకంలో దక్కింది ఖాండవప్రస్థమనే అడవి. అక్కడి నుంచి రాజసూయం దాకా ఎదిగిన ధర్మరాజు అంతటినీ పాచికల్లో పోగొట్టుకున్నాడు. పాచికల్లోని లోతు తెలిపే అక్షహృదయ విద్యను బృహదశ్వ మహర్షి అతనికి నేర్పింది ఆ తర్వాత, అరణ్యవాసంలో. నలుడి కథ చెప్పి మరీ నేర్పాడు. ఆ కథలో ఋతుపర్ణుడు తానికాయ చెట్టు కొమ్మను చూసి ఆకుల, కాయల సంఖ్య చెప్పేస్తాడు. నలుడు నమ్మక చెట్టు కొట్టి లెక్కపెడితే అంత సంఖ్యే వస్తుంది. కొంత చూసి మొత్తాన్ని అంచనా వేసే నేర్పు, పాచికలాట నేర్పు ఒక్కడి దగ్గరే ఉన్నాయని ఆ కథకుడికి తోచడం సంభావ్యతా శాస్త్ర చరిత్రకారుల దృష్టినీ ఆకర్షించింది.