బోరు అడుగున మోటారు

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ వానకు శెనక్కాయ విత్తుకోవచ్చు గానీ చీనీ తోట బతకదు. తోట కావాలంటే బోరు వేయాలి, బోరులో మోటారు దించాలి. రైతు కంటికి కనబడకుండా, వందల అడుగుల లోతున పనిచేసే ఈ యంత్రం కథ అతనికి తెలిసి ఉండాలి.

ఇది మొదట పుట్టింది చమురు బావుల కోసం. 1893లో టిఫ్లిస్‌లో పుట్టిన ఆర్మేనియన్ ఇంజనీరు అర్మాయిస్ అరుట్యునాఫ్ మోటారును, పంపును ఒకటిగా బిగించి బావి అడుక్కే దించేశాడు. 1923లో అమెరికా చేరాడు. 1930లో ఓక్లహోమాలోని బార్టిల్స్‌విల్‌లో అతని ‘రెడా’ పంపుల కంపెనీ నిలబడింది.

అడుక్కి దించడం ఎందుకంటే, పైనుంచి పీల్చే పంపుకు గాలి ఒత్తిడే ఆధారం. లెక్క ప్రకారం అది 34 అడుగులు, ఆచరణలో పాతిక అడుగులకు మించి నీటిని ఎత్తలేదు. బావుల్లో నీళ్లు దిగిపోయేకొద్దీ మోటారును కూడా బావిలోకి దించుకున్నారు. ఆరున్నర అంగుళాల బోరులో ఆ వీలు లేదు. అందుకే సన్నటి సబ్‌మెర్సిబుల్ వచ్చింది. కింద మోటారు, దాని మీద ఒకదానిపై ఒకటి ఇంపెల్లర్లు. ఒక్కో ఇంపెల్లరు నీటిని కొంత పైకి తోస్తుంది. మన బోర్లలో వాడే మోటార్లలో చాలావాటి లోపల మంచినీళ్లే నింపుతారు. వైండింగు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. బోరు నీళ్లు పక్కనుంచి పారుతూ మోటారును చల్లబరుస్తాయి.

సెకనుకు 3 లీటర్లు, 100 మీటర్లు ఎత్తాలంటే నికరంగా కావలసింది 4 హార్స్‌పవర్. పంపుసెట్టు సామర్థ్యం 50 శాతమైతే 8 హార్స్‌పవర్ కరెంటు లాగుతుంది. 35 శాతమైతే 11 దాటుతుంది. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం కాబట్టి ఈ తేడా బిల్లులో కనబడదు. కనబడకపోయినా అందులో కొంత వేడిగా మారి వైండింగులో చేరుతుంది. సుమారు 10 డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. కరెంటు రాగానే ఆటో స్టార్టర్లన్నీ ఒకేసారి అందుకుంటే వోల్టేజీ పడిపోతుంది. అది 20 శాతం తగ్గితే మోటారు తిరిగే బలం 36 శాతం తగ్గుతుంది. లోడు మాత్రం తగ్గదు. ఆంపియర్లు ఎగబాకుతాయి, మోటారు కాలుతుంది.

కాలిన మోటారును వైండింగు షాపులో విప్పినప్పుడు చూడండి. తీగ తొడుగు కరిగి నల్లగా అట్టకట్టి ఉంటుంది. ఇసుక వచ్చే బోరైతే ఇంపెల్లరు అంచులు బ్లేడులా అరిగి ఉంటాయి. షాపులో సన్న తీగ చుట్టినా మోటారు తిరుగుతుంది, వేడి మాత్రం పెరుగుతుంది. రాగికి బదులు అల్యూమినియమైతే అదే మందాన విద్యుద్వాహకత దాదాపు 60 శాతమే. చౌక మోటారులో మిగిలిన డబ్బు ఒక్కసారి పైపులెత్తి దించే కూలీకి, రీవైండింగుకు, ఎండిన తోటకు చాలదు.

ధర ఎక్కువైనంత మాత్రాన సరుకు మంచిదని కాదు. బోరు ఇచ్చే నీటికి మించిన హార్స్‌పవర్ కొనడం దండగ, అది నీళ్లు లాగేసి ఎండుగా తిరిగి చెడుతుంది. డబ్బు పెట్టవలసింది రాగి వైండింగుకు, గట్టి ఇంపెల్లరుకు, మంచి థ్రస్ట్ బేరింగుకు, నీళ్లు లేనప్పుడూ ఒక ఫేజు పోయినప్పుడూ ఆపేసే ప్యానెలుకు. కొనేటప్పుడు ఐఎస్ 8034 గుర్తు, బీఈఈ స్టార్లు చూసుకోండి. బిల్లు మీద మోటారు నంబరు రాయించుకోకుండా షాపు మెట్లు దిగకండి.