నీరు పల్లమెరుగు, మరి మనమో?

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అన్నారు పెద్దలు. ఇల్లు కట్టించేటప్పుడు, బాగు చేయించేటప్పుడు ఈ సామెతలో మొదటి సగం గుర్తు పెట్టుకుంటే చాలు, మనకు చాలా చిక్కులు తప్పుతాయి. మన కంటికి చదునుగా కనిపించిందల్లా నీటికి చదును కాదు. మిద్దె మీద ఏ మూల పల్లం వుందో మనకన్నా ముందు వానచినుక్కి తెలుస్తుంది.

మా వీధిలో ఒక వదినగారు మిద్దె మీద కొత్తగా గచ్చు వేయించారు. ఇంటి పక్కన ఇంకుడు గుంత కూడా తవ్వించారు. మేస్త్రీ పని ముగించి, "వాటం బ్రహ్మాండంగా వచ్చిందమ్మా" అన్నాడు. సెప్టెంబరులో ఒక రాత్రి గట్టి వాన పడింది. పొద్దున్నే పైకెక్కి చూస్తే ఏముంది? వాన గొట్టం తూర్పున వుంటే, నీళ్లన్నీ పడమటి మూల వంటింటి పైన మడుగు కట్టి వున్నాయి. గుంత పొడిగా వుంది, వంటింటి గోడ తడిగా వుంది! మేస్త్రీది మోసం కాదు సుమండీ. కంటి అంచనా, అంతే.

ఇదేమంత పెద్ద విషయం అనుకోకండి. మన అనంతపురంలో ఏటా కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందులో ఎక్కువ భాగం సెప్టెంబరు చుట్టుపక్కల కొద్ది రోజుల్లోనే కురిసి వెళ్లిపోతుంది. అయినా లెక్క వేసి చూడండి. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఏడాదికి పడే నీరు సుమారు 50 వేల లీటర్లు. ఆవిరికీ, వృథాకీ అయిదో వంతు తీసేసినా 40 వేలు. అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది! వాటం తప్పితే ఈ నీరు మన బోరుకీ అందదు, పైగా స్లాబు లోకి దిగి ఇంటినే పాడు చేస్తుంది.

మట్టం చూసే విద్య మన పీఠభూమికి కొత్తది కాదు. 14వ శతాబ్దంలో బుక్కరాయల కాలంలో ఆయన మంత్రి చిక్కప్ప ఒడెయరు కట్టించిన బుక్కరాయసముద్రం చెరువు నేటికీ వుంది కదా! మేస్త్రీల దగ్గరా మంచి పరికరాలే వున్నాయి. గాలి బుడగ వుండే రసమట్టం, దారానికి వేలాడే గుండు, నీళ్లు నింపిన సన్నటి పారదర్శక గొట్టం. ఈ మూడూ అబద్ధం చెప్పవు. అయితే గొట్టం పట్టుకోవడానికి ఇద్దరు కావాలి, ఓపిక కావాలి. ఆ ఓపిక లేనప్పుడే కంటి అంచనా మొదలవుతుంది.

ఇప్పుడు వస్తున్న లేజర్ లెవెల్ ఈ పనిని ఒక్కరే చేసుకునేలా చేసింది. అరచేతిలో పట్టే చిన్న పెట్టె అది. మీట నొక్కితే గోడ మీద సన్నటి వెలుగు గీత పడుతుంది. లోపల చిన్న లోలకం వేలాడుతూ వుంటుంది. పెట్టె కాస్త ఒరిగినా లోలకం తనంతట తాను సర్దుకుని గీతను సమంగా నిలుపుతుంది. సాధారణంగా నాలుగు డిగ్రీల వరకూ ఇలా సర్దుకోగలదు. అంతకు మించి ఒరిగితే గీత మినుకు మినుకుమంటుంది, లేదా కూత పెడుతుంది. ఈ సదుపాయం లేనిది ఎంత చవకైనా తీసుకోకండి.

ఇక ఎన్ని గీతలు కావాలి? దుకాణంలో పన్నెండు గీతలది, పదహారు గీతలది చూపించి ఆశపెడతారు. అవి గది నాలుగు గోడల మీదా ఒకేసారి గీత కావలసిన పనివాళ్లకు. మన ఇంటికి అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, రెండు గీతలు చాలు. అలమరాలు, కర్టెన్ కడ్డీలు, స్నానాల గది టైల్సు, తాడిపత్రి బండల పరుపు, అన్నీ ఆ రెండిటితో అయిపోతాయి. ఏడాదికి రెండు ఫోటోలు తగిలించడమే మీ పని అయితే అసలు కొనకండి, ఒక రసమట్టం సరిపోతుంది.

రంగు మాటకొస్తే ఎరుపు, ఆకుపచ్చ అని రెండున్నాయి. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ ప్రకాశంగా కనిపిస్తుంది, కానీ బ్యాటరీ త్వరగా తింటుంది, ధరా ఎక్కువ. ఇంటి లోపలి పనికి ఎరుపు చాలు. వెలుతురు బాగా వచ్చే హాలుకైతే ఆకుపచ్చ మేలు. మన ఎండలో మాత్రం రెండూ కనిపించవు. మిద్దె మీద పని పొద్దు గూకాక పెట్టుకోండి.

పెట్టె మీద రాసి వున్న తేడా అంకె చూడండి. పది మీటర్లకు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ అని వుంటే ఇంటికి చాలు. ముక్కాలి స్టాండుకు బిగించే మరచుట్టు వుందా, దుమ్మూ తుంపర్లూ తట్టుకుంటుందా, మోసుకెళ్లేటప్పుడు లోలకాన్ని బంధించే తాళం వుందా, అదీ చూడండి. మే నెల ఎండలో మిద్దె మీదో, కారులోనో వదిలేయకండి.

అన్నిటికన్నా ముఖ్యం, కొన్న రోజే, తిప్పి ఇచ్చే గడువు దాటకముందే పరీక్షించడం. ఎదురెదురు గోడల మధ్య అయిదు మీటర్లు, అంటే పదహారడుగులకు పైచిలుకు వున్న గది చూడండి. పెట్టెను మొదటి గోడకు దగ్గరగా పెట్టి, ఆ గోడ మీద గీత పడ్డచోట పెన్సిలు గుర్తు పెట్టండి. దాన్ని వెనక్కి తిప్పి ఎదుటి గోడ మీద మరో గుర్తు పెట్టండి. ఇప్పుడు పెట్టెను ఎదుటి గోడ దగ్గరకు తీసుకెళ్లి, గీత అక్కడి గుర్తు మీదే పడేలా ఎత్తు సర్దండి. మళ్లీ మొదటి గోడ వైపు తిప్పండి. పాత గుర్తుకూ, ఇప్పుడు పడ్డ గీతకూ మూడు మిల్లీమీటర్ల లోపు తేడా వుంటే మంచిదే. మించితే మొహమాటం లేకుండా తిప్పి ఇచ్చేయండి. నిలువు గీతను గుమ్మం పైనుంచి వేలాడదీసిన గుండుదారంతో పోల్చుకోవచ్చు.

ఇక మిద్దె వాటం. లేజర్ మనకు సమమట్టమే చూపిస్తుంది, వాటం మనం లెక్క కట్టుకోవాలి. పెట్టెను స్టాండు మీద నిలబెట్టి, చెక్క స్కేలునో టేపునో ఒక్కో మూల నిటారుగా పట్టి, గచ్చు నుంచి గీత దాకా ఎన్ని అంగుళాలో రాసుకోండి. అంకె పెద్దదైన చోట గచ్చు పల్లంగా వుందన్నమాట. పది అడుగులకు అంగుళమున్నర దాకా వాటం పెడతారు. పాతిక అడుగుల మిద్దెకు కనీసం మూడు అంగుళాలనుకుందాం. దూరపు మూలలో 36 అంగుళాలు వస్తే, వాన గొట్టం నోటి దగ్గర 39 రావాలి. మధ్యలో ఎక్కడైనా 40 వచ్చిందా, అక్కడ మడుగు కడుతుంది. గచ్చు పరవడానికి ముందు మేస్త్రీలు మట్టం కోసం చిన్న చిన్న సిమెంటు దిమ్మెలు పెడతారు. అప్పుడే ఈ కొలత తీయండి. గచ్చు ఆరిపోయాక తెలిస్తే పగలగొట్టడం తప్ప దారి లేదు.

పిల్లలున్న ఇంట్లో ఒక హెచ్చరిక. పెట్టె మీద రెండో తరగతి లేజర్ అని, ఒక మిల్లీవాటు మించదని రాసి వుండాలి. అయినా కిరణంలోకి తేరిపార చూడకూడదు. పిల్లల కంటి ఎత్తున పెట్టకండి, అద్దాల మీద పడనీయకండి. దానితో ఇచ్చే రంగుటద్దాలు గీత స్పష్టంగా కనిపించడానికే, కంటికి రక్షణ ఇవ్వవు.

ఒక్క ఇంటికే కొనడం భారమనిపిస్తే నాలుగిళ్ల వాళ్లు కలిసి ఒకటి కొనుక్కోండి. మేస్త్రీ ముందు దాన్ని పెట్టేటప్పుడు, ఆయన మీద నమ్మకం లేక కాదని మంచి మాటగా చెప్పండి. ఆయనా సంతోషిస్తాడు. మా వదినగారు రెండోసారి అలాగే చేశారు. తర్వాత పడ్డ వానకు గొట్టంలో నీళ్లు గలగలమంటుంటే గొడుగేసుకుని గుంత దగ్గర నిలబడి చూశారట. మీ మిద్దె మీది నీళ్లూ మీ గుంతకే చేరాలని కోరుకుంటూ, సెలవు.