ఎనిమిది కుర్చీలు, గంటన్నర

మొదటి రోజు నేను అడిగిన ప్రశ్న: "ఇవాళ్టి అజెండా ఏమిటి?" ఎవరూ జవాబు చెప్పలేదు. గుండ్రంగా వేసిన ఎనిమిది కుర్చీలు, మధ్యలో చిన్న బల్ల, అంతే. రోజూ ఆఫీసులో స్టాండప్ మీటింగులు నడిపేవాణ్ణి, ఆ నిశ్శబ్దానికి చెమటలు పట్టాయి.

దీన్ని గ్రూప్ ఎనాలిసిస్ అంటారు. ఫ్రాయిడ్ దగ్గర ఒక్కరే సోఫా మీద పడుకుని మాట్లాడేవారు. ఇక్కడ ఒకరికొకరు తెలియని ఏడెనిమిది మంది వారానికోసారి అదే గదిలో, అదే వేళకి కూర్చుంటారు. మనసుకి తోచింది మాట్లాడొచ్చు. బయట స్నేహాలు కుదరవు, గదిలో మాట గది దాటకూడదు. (అందుకే ఇక్కడ నా సంగతి తప్ప ఎవరిదీ రాయడం లేదు.)

మన రచ్చబండేగా అన్నాడొక మిత్రుడు. కాదు. రచ్చబండ దగ్గర అందరికీ మన తాత పేరు తెలుసు.

ఇంగ్లండులో ఇది ఊపందుకున్నది రెండో ప్రపంచ యుద్ధకాలంలో. బర్మింగ్‌హామ్‌లోని నార్త్‌ఫీల్డ్ సైనిక ఆసుపత్రి నిండా మనసు చెదిరిన సైనికులు. 1942-43 చలికాలంలో బయన్, రిక్‌మన్ అనే ఇద్దరు వైద్యులు వార్డు మొత్తాన్నీ ఒక గ్రూపుగా నడిపి చూశారు. ఆరు వారాలకే పైవాళ్ళు ఆపేయించారు. (ఈ బయన్ పుట్టింది మన మథురలో, 1897లో!) ఆ తర్వాత అక్కడికొచ్చిన ఫోక్స్, 1933లో జర్మనీ వదిలి వచ్చినవాడు, ఈ పద్ధతిని నిలబెట్టాడు. గ్రూపు నడిపే మనిషిని నాయకుడనడం ఆయనకి నచ్చలేదు, కండక్టర్ అన్నాడు. బస్సు కండక్టర్ కాదు లెండి, వాద్యబృందం ముందు నిలబడే కండక్టర్.

కొన్ని వారాలు గడిస్తే ఇంట్లో ఎలా ఉంటామో అక్కడా అలాగే తయారవుతాం. నేను ఇంటికి పెద్దకొడుకుని. చెల్లి పెళ్ళి, అమ్మ ఆపరేషన్, అన్నిటికీ నేనే హెల్ప్‌డెస్క్. గ్రూపులోనూ అదే ఉద్యోగంలో చేరిపోయాను. ఎవరు బాధపడినా టకటకా పరిష్కారం చెప్పేవాణ్ణి. ఐదో నెలలో ఒకరు అడిగారు: "మా అందరివీ సరిచేస్తున్నావు. నీ సంగతి ఎప్పుడు చెబుతావు?"

నాన్న పోయినప్పుడు టైముకి వెళ్ళలేక, దహనం ఫోన్లో చూశాను. ఆ మాట అప్పటిదాకా అక్కడ అననేలేదు. ఒక్క డాక్టరు ముందే కూర్చుని ఉంటే నా కథ నాకు నచ్చినట్టు అల్లి చెప్పేవాణ్ణేమో. ఇక్కడ నేను చెప్పకముందే నా తీరే చెప్పేసింది.

అందరికీ పడే వైద్యం కాదిది. బాగా కుంగిపోయి ఉన్నవాళ్ళకి ముందు వేరే సాయం కావాలి. పైగా ఏళ్ళు పట్టొచ్చు.

ఆ రోజు చెప్పిందంతా ఇంగ్లీషులోనే చెప్పాను. మధ్యలో ఒకసారి "నాన్నా" అని వచ్చేసింది. ఎవరూ అర్థం అడగలేదు. తర్వాతి వారం మళ్ళీ అదే నిశ్శబ్దం. ఈసారి నేను మొదలుపెట్టలేదు.