విడిపోతే టీకా ముందొస్తుందా?

బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌ను వీడింది. అదే ఏడాది ఆ దేశాలన్నిటికంటే ముందు కొవిడ్ టీకా వేసింది. విడిపోవడం వల్లే ముందుకెళ్లిందనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. 2014లో రాష్ట్రం విడిపోయి, 2021లో టీకా కోసం ఎదురుచూసిన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాసులకు ఆ మాట నిగ్గు తేల్చే అనుభవం ఉంది.

2021 మే రెండో వారం. కోదాడ దాటాక రామాపురం అడ్డరోడ్డు దగ్గర, విజయవాడ వైపు నుంచి వచ్చే అంబులెన్సులను ఆపేశారు. హైదరాబాద్ ఆసుపత్రిలో పడక ఖాయమైనట్టు రుజువు, కంట్రోల్ రూమ్ అనుమతి ఉంటేనే ముందుకు వదలాలని తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. లోపల ప్రాణం మీదికొచ్చిన మనిషి, బయట పోలీసులను బతిమాలుకుంటున్న బంధువులు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది.

అప్పటి టీకా నిబంధనలు ఇందుకు పూర్తిగా భిన్నం. టీకా నమోదు వేదిక కోవిన్‌లో పేరు ఉంటే జగ్గయ్యపేట మనిషి కోదాడలో, దాచేపల్లి మనిషి కృష్ణ దాటి మిర్యాలగూడలో వేయించుకునే వీలుండేది. రోగికి ఉన్న సరిహద్దు టీకాకు లేదు. అయినా ఆ నెలలో ఇటువైపూ అటువైపూ దొరకనిది టీకానే.

బ్రిటన్‌లో జరిగింది ఇదీ

బ్రిటన్ 2020 జనవరి 31న యూనియన్‌ను వీడింది. డిసెంబరు 2న ఫైజర్ టీకాకు అనుమతిచ్చింది. 8న కోవెంట్రీలో 90 ఏళ్ల మార్గరెట్ కీనన్‌కు తొలి డోసు వేశారు. యూరప్ ఔషధ సంస్థ అనుమతి వచ్చింది మాత్రం డిసెంబరు 21న. ఈ తేదీలు పక్కపక్కన పెడితే విడిపోవడం గెలిచినట్టే కనిపిస్తుంది.

కానీ ఆ డిసెంబరు ఆఖరు దాకా బ్రిటన్‌లో యూరప్ చట్టాలే అమల్లో ఉన్నాయి. అత్యవసరమైతే ఏ సభ్యదేశమైనా సొంతంగా అనుమతి ఇచ్చుకునే వీలు ఆ చట్టాల్లోనే ఉంది. ఆ వెసులుబాటునే వాడుకున్నామని బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ అధిపతి జూన్ రెయిన్ అప్పుడే చెప్పారు. యూనియన్‌లో ఉంటూనే హంగరీ రష్యా, చైనా టీకాలు విడిగా కొనుక్కుంది.

బ్రిటన్‌ను ముందు నిలబెట్టింది కొనుగోలులో చూపిన తొందర. 2020 ఏప్రిల్‌లోనే టీకాల కోసం టాస్క్‌ఫోర్స్ పెట్టి, మందుల పరిశ్రమలో పెట్టుబడుల అనుభవమున్న కేట్ బింగమ్‌కు పగ్గాలిచ్చింది. ఏ టీకా పనిచేస్తుందో తేలకముందే జులైలో ఫైజర్‌తో మూడు కోట్ల డోసులకు ఒప్పందం కుదుర్చుకుంది. ఇదే కంపెనీతో యూరోపియన్ యూనియన్ ఒప్పందం నవంబరులో గానీ ముగియలేదు. ఇరవయ్యేడు దేశాలు కలిసి బేరమాడి ధర తగ్గించుకున్నాయి, ఆ బేరంలో నెలలు పోగొట్టుకున్నాయి. సభ్యదేశంగా ఉండుంటే బ్రిటన్ కూడా ఉమ్మడి కొనుగోలులో చేరమనే ఒత్తిడికి తలొగ్గేదేమో. ఆ మేరకు విడిపోవడానికి కొంత వాటా ఇవ్వొచ్చు, అంతకు మించి కాదు.

మిర్యాలగూడ మిల్లర్లకు ఇది తెలియని సంగతేమీ కాదు. పంట చేలో ఉండగానే బయానా ఇచ్చినవాడికి ధాన్యం ముందు దక్కుతుంది. కళ్లానికి వచ్చాక బేరానికి దిగినవాడు మిగిలింది కొనుక్కుంటాడు.

ఖాళీగా మిగిలిన టెండర్లు

మన దేశం కళ్లానికి వచ్చాకే బేరానికి దిగింది. 2021 జనవరి 3న కొవిషీల్డ్, కొవాగ్జిన్‌లకు అనుమతి వచ్చింది. ఆ తర్వాత వారానికి గానీ కొవిషీల్డ్‌కు కేంద్రం తొలి ఆర్డరు ఇవ్వలేదు. అదీ 1.1 కోట్ల డోసులకే. మార్చిలో పుణె నుంచి 50 లక్షల డోసులు బ్రిటన్‌కు వెళ్లాయి. ఏప్రిల్‌కు రెండో ఉద్ధృతి మన మీద పడింది.

అప్పుడు కేంద్రం రాష్ట్రాలను ఎవరికి వారు కొనుక్కోమంది. మే 1 నుంచి ఒకే సీసాకు మూడు ధరలు. కొవిషీల్డ్ డోసు కేంద్రానికి 150 రూపాయలు, రాష్ట్రానికి 300, ప్రైవేటు ఆసుపత్రికి 600. ఏ రాష్ట్రం నెలకు ఎన్ని డోసులు కొనాలో మాత్రం కేంద్రమే లెక్కగట్టింది. భారం రాష్ట్రానిది, పెత్తనం ఢిల్లీది.

మే 13న ఆంధ్రప్రదేశ్, 19న తెలంగాణ చెరో కోటి డోసులకు గ్లోబల్ టెండర్లు పిలిచాయి. గడువు ముగిసినా ఒక్క కంపెనీ ముందుకు రాలేదు. తమ బేరం దేశ ప్రభుత్వంతోనే అని మోడెర్నా పంజాబ్‌కు, ఫైజర్, మోడెర్నా ఢిల్లీకి అప్పటికే చెప్పేశాయి. ఒకే భాష, ఒకే నది పంచుకునే రెండు రాష్ట్రాలు ఒకే సరుకు కోసం ఒకదానితో ఒకటి పోటీపడి, రెండూ ఉత్తచేతులతో మిగిలాయి.

మనసుకు మరింత కష్టం కలిగించేది ఇంకొకటి. భారత్ బయోటెక్ కొవాగ్జిన్ తయారుచేసిన జీనోమ్ వ్యాలీ హైదరాబాద్ శివార్లలోనే ఉంది. రష్యా స్పుత్నిక్ టీకా మొదట దిగింది కూడా హైదరాబాద్‌లోనే. అయినా ఆ మే నెలలో తెలంగాణలో తొలి డోసులు ఆపేయాల్సి వచ్చింది. ఫ్యాక్టరీ మన గడ్డ మీద ఉన్నంత మాత్రాన సరుకు మనది కాదు. ముందుగా డబ్బు కట్టి ఒప్పందం చేసుకున్నవాడిదే.

కొనే భారం రాష్ట్రాల మీద వేసిన ఈ విధానం పైచూపుకే సహేతుకంగా కనిపించడం లేదని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. కేంద్రమే కొనివ్వాలని అందరం ఒకే గొంతుతో అడుగుదామని జూన్‌లో నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్ ఇతర ముఖ్యమంత్రులకు లేఖలు రాశారు. జూన్ 7న కేంద్రం వెనక్కి తగ్గి, 21 నుంచి 75 శాతం టీకాలు తానే కొని ఉచితంగా ఇచ్చింది.

విడిపోవడం పనికొచ్చిన చోటు

అంతమాత్రాన సొంత రాష్ట్రం, సొంత జిల్లా వృథా అనడం అన్యాయం. నల్గొండ నుంచి విడిపడి 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా అయింది. 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. 2020 ఏప్రిల్‌లో కూరగాయల మార్కెట్ నుంచి వైరస్ పాకి పట్టణమంతా వణికినప్పుడు, నిర్ణయాలు తీసుకునే అధికారులు ఊళ్లోనే ఉన్నారు. 2021 మే 28 నుంచి తెలంగాణ మార్కెట్ వ్యాపారులు, ఆటో డ్రైవర్లు, గ్యాస్ సిలిండర్లు మోసేవాళ్లు, రేషన్ డీలర్లకు ముందుగా టీకా వేయించింది. రోజూ పదిమందితో మసలేవాళ్లెవరో ఢిల్లీకంటే రాష్ట్రానికే బాగా తెలుసు.

ఆఖరి అంచెలో లెక్కంతా మనుషులదే. కొవిషీల్డ్ సీసాలో పది డోసులు. మూత తీశాక నాలుగు గంటల్లో పదిమందికీ వేసేయాలి. ఎనిమిది మందే వస్తే ఏఎన్‌ఎం సీసా తెరవకుండా కూర్చునేది. ఆశా కార్యకర్త వాడలోకి పోయి మరో ఇద్దరిని పిలుచుకొచ్చేది. ఏ ఇంట్లో ఎవరికి వేయలేదో ఆమెకు నోటికి వచ్చు. అధికారం ప్రజల దగ్గరికి వచ్చినందుకు నిజమైన ఫలితం ఇక్కడుంది.

తేల్చుకోవాల్సింది

కొనేటప్పుడు పెద్ద చేయి కావాలి, వేసేటప్పుడు దగ్గరి చేయి కావాలి. 2021లో మనం దీన్ని తలకిందులు చేశాం. కొనే భారం చిన్న చేతుల్లో పెట్టి, ఏ చేతికెంత అన్న లెక్క ఢిల్లీలో ఉంచుకున్నాం. భయం పట్టినప్పుడు సరిహద్దులు మూసేశాం. యూరప్ కూడా 2021 జనవరి 29న ఉత్తర ఐర్లాండ్ సరిహద్దులో టీకాలను అడ్డుకోబోయి, విమర్శలు రావడంతో ఆ రాత్రికే వెనక్కి తగ్గింది.

మరో మహమ్మారి వచ్చేలోగా మూడు పనులు జరగాలి. ప్రయోగాలు ముగియకముందే డబ్బు కట్టి కొనే నిధిని, దాన్ని నడిపే జట్టును కేంద్రం సిద్ధం చేయాలి. రాష్ట్రాల వాటాను అంకెలతో బహిరంగంగా ప్రకటించాలి. రామాపురం, వాడపల్లి సరిహద్దుల దగ్గర రోగుల వాహనం ఆగకూడదని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇప్పుడే, ప్రశాంతంగా ఉన్నప్పుడే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. వైద్యానికి కోదాడ వాళ్లు విజయవాడకు, జగ్గయ్యపేట వాళ్లు హైదరాబాద్‌కు వెళ్తూనే ఉంటారు. రాష్ట్రాలు విడిపోయింది పాలన కోసం. ప్రాణం కాపాడుకోవడంలో ఈ రెండు గడ్డల మధ్య విభజన ఉండకూడదు.