నాయిస్‌ని తీసేయకుండా కొలిస్తే ఏం తెలుస్తుంది? క్వాంటమ్ చిప్ చెప్పిన మూడో వంతు లెక్క

ఇయర్‌ఫోన్స్ రివ్యూ అయినా, కెమెరా రివ్యూ అయినా మనం ముందు వెతికేది ఒక్కటే: నాయిస్ ఎంత తక్కువ ఉంది? నైట్ ఫోటోలో గ్రెయిన్ కనిపిస్తే మార్కులు కట్. మన దృష్టిలో నాయిస్ అంటే చెత్త. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. బీటెక్ ఫైనల్ ఇయర్‌లో దానికి గట్టి దెబ్బే తిన్నాను.

మాది కరెంట్ సెన్సర్ ప్రాజెక్ట్. రీడింగ్ ఒకచోట నిలబడకుండా ఊగుతుంటే, కోడ్‌లో మూవింగ్ యావరేజ్ పెట్టి గ్రాఫ్‌ని నున్నగా చేసేశాను. టీమ్ అంతా హ్యాపీ. డెమో రోజు ఎగ్జామినర్ బోర్డుని కాస్త పక్కకి జరిపారు. రీడింగ్ సున్నా! చూస్తే ఒక వైరు సోల్డరింగ్ సరిగ్గా అతుక్కోలేదు. ఆ ఊగుడంతా దాని వల్లే. మూడు వారాలుగా బోర్డు నాతో ఆ మాటే చెప్తుంటే, నేనే దాని నోరు మూయించాను.

క్వాంటమ్ ల్యాబుల్లో సరిగ్గా దీనికి రివర్స్‌లో పని చేస్తారని తర్వాత చదివాను. వాళ్లు నాయిస్‌నే కొలుస్తారు. ఎందుకో చూద్దాం.

శనగలు, రవ్వ

కిలో శనగలు, కిలో బొంబాయి రవ్వ తీసుకుని, రెండింటినీ ఒకే స్పీడుతో స్టీల్ పళ్లెంలో పోయండి. నిమిషానికి పడే బరువు ఒక్కటే. కానీ శనగలు టపటపా మోగుతాయి, రవ్వ సర్రుమని జారిపోతుంది. కళ్లు మూసుకున్నా గింజ పెద్దదో చిన్నదో చెప్పేయొచ్చు.

కరెంట్ కూడా అంతే. ఒక నానో ఆంపియర్ అంటే సెకనుకి సుమారు 624 కోట్ల ఎలక్ట్రాన్లు. మీటర్ చూపించేది మొత్తం ఎంత అని మాత్రమే. అది ఏ సైజు ముక్కలుగా వస్తోందో చెప్పదు. ఆ సంగతి నాయిస్ చెప్తుంది. దీన్ని షాట్ నాయిస్ అంటారు. వాక్యూమ్ ట్యూబుల్లో ఇది ఉంటుందని 1918లో జర్మనీకి చెందిన వాల్టర్ షాట్కీ వివరించారు.

లెక్క సింపులే. గింజలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తుంటే, సగటున 900 వచ్చే చోట దాదాపు 30 అటూ ఇటూ అవుతుంది. అంటే వర్గమూలం అంత. ఇప్పుడు అదే చార్జ్ మూడో వంతు ముక్కలుగా వస్తోందనుకోండి. ముక్కలు 2,700, ఊగుడు సుమారు 52 ముక్కలు. ఒక్కోటి మూడో వంతే కాబట్టి, అసలు ఊగుడు దాదాపు 17. దీన్ని వర్గం చేస్తే 300, ముందుది 900. అంటే కరెంట్ అదే ఉన్నా నాయిస్ పవర్ మాత్రం మూడో వంతుకి పడిపోయింది. కాబట్టి నాయిస్ పవర్‌ని కరెంట్‌తో భాగిస్తే ముక్క సైజు బయటపడుతుంది.

కొలవడం ఎందుకంత కష్టం?

మొదటి శత్రువు వేడి. బ్యాటరీ పెట్టకపోయినా ప్రతి రెసిస్టర్‌లోనూ ఎలక్ట్రాన్లు వేడికి గిలగిలలాడుతూనే ఉంటాయి. బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ దీన్ని కొలిస్తే, నైక్విస్ట్ సూత్రం ఇచ్చారు. ఇద్దరి పేపర్లూ 1928లో వచ్చాయి. గది ఉష్ణోగ్రతలో 10 కిలో ఓమ్స్ డివైస్‌లో ఈ వేడి నాయిస్ పవర్, ఒక నానో ఆంపియర్ షాట్ నాయిస్ కంటే సుమారు 5,000 రెట్లు ఎక్కువ. తీన్మార్ డప్పుల మధ్య చీమ నడక వినడం లాంటిది. అందుకే డైల్యూషన్ రిఫ్రిజిరేటర్‌లో చిప్‌ని 0.02 కెల్విన్ దాకా చల్లబరుస్తారు. అంటే వేడి నాయిస్ పవర్ 15,000 రెట్లు తగ్గిపోతుంది.

రెండోది ఫ్లికర్ నాయిస్. ఇది తక్కువ ఫ్రీక్వెన్సీలో ఎక్కువగా ఉంటుంది కాబట్టి, కొలతని పై ఫ్రీక్వెన్సీలకి మార్చి తప్పించుకుంటారు.

మూడోది ఆంప్లిఫయర్ సొంత నాయిస్. దీనికి వాడే ట్రిక్ మన కోడర్లకి బాగా నచ్చుతుంది. ఒకే సిగ్నల్‌ని రెండు ఆంప్లిఫయర్లకి ఇచ్చి, రెండు అవుట్‌పుట్‌లనీ గుణించి, చాలాసేపు సగటు తీస్తారు. పెళ్లిలో రెండు మైకులు పెట్టారనుకోండి. ఒక్కో మైకు గరగర దానిదే, పాట మాత్రం రెండింటిలోనూ ఒకటే. గుణించి సగటు తీస్తే గరగరలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, పాట మిగులుతుంది. దీని పేరు క్రాస్ కోరిలేషన్.

గమనించారా, ఇక్కడా సగటు ఉంది. కానీ నాలాగా సిగ్నల్‌కి సగటు తీసి ఊగుడుని చంపేయలేదు. ఊగుడునే సిగ్నల్‌గా తీసుకుని, దాని పవర్‌కి సగటు తీశారు. తేడా అంతా అక్కడే ఉంది.

1997లో ఏం దొరికింది?

చాలా బలమైన అయస్కాంత క్షేత్రంలో, బాగా చల్లటి పలుచని పొరలో ఉన్న ఎలక్ట్రాన్లు గుంపుగా వింతగా ప్రవర్తిస్తాయని 1982లోనే బయటపడింది. అక్కడ ఎలక్ట్రాన్ చార్జ్‌లో మూడో వంతు ఉన్న కణాల్లాంటివి తిరుగుతుంటాయని 1983లో లాఫ్లిన్ చెప్పారు. ఎలక్ట్రాన్ ముక్కలవుతుందని కాదు, గుంపు మొత్తం కలిసి అలా నడుచుకుంటుందని. కానీ మామూలు కరెంట్ కొలతలతో ముక్క సైజు నేరుగా తెలీదు.

1997లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ టీమ్, ఫ్రాన్స్‌లోని సాక్లే టీమ్ విడివిడిగా ఈ పని చేశాయి. గాలియం ఆర్సెనైడ్ చిప్‌పై గేట్ వోల్టేజ్‌తో ఇరుకు దారి చేశారు. కొద్దిపాటి కరెంట్ మాత్రం వెనక్కి తిరిగేలా సెట్ చేసి, దాని నాయిస్ కొలిచారు. వచ్చిన లెక్క: ఎలక్ట్రాన్ చార్జ్‌లో మూడో వంతు! మరుసటి ఏడాది లాఫ్లిన్, స్టోర్మర్, సుయ్‌లకి ఫిజిక్స్ నోబెల్ వచ్చింది.

ఇంకో ముచ్చట. అయస్కాంతం లేకుండా ఇలాంటి ఇరుకు దారిని పూర్తిగా తెరిస్తే షాట్ నాయిస్ దాదాపు మాయమవుతుంది. సగం తెరిస్తే ప్రతి ఎలక్ట్రాన్‌కీ టాస్ వేసినట్టు, ముందుకో వెనక్కో. పూర్తిగా తెరిస్తే టాసే లేదు, అన్నీ క్యూలో వచ్చినట్టు వస్తాయి. కరెంట్ పారుతూనే ఉంటుంది, చిటపట మాత్రం ఉండదు.

మన ఫోన్‌లో కూడా ఉంది

నైట్ ఫోటోలో కనిపించే గ్రెయిన్‌లో కొంత భాగం ఇదే షాట్ నాయిస్, కాకపోతే కాంతి కణాలది. పిక్సెల్‌కి 100 ఫోటాన్లు పడితే 10 అటూ ఇటూ. కావాలంటే ప్రో మోడ్‌లో మసక వెలుతురులో తెల్ల గోడని రా ఫార్మాట్‌లో తీసి, జేపెగ్‌తో పోల్చి చూడండి. ఫోన్ ఎంత నున్నగా చేసి మనకి చూపిస్తోందో అర్థమవుతుంది.

ఫోటో అందంగా ఉండాలంటే అలా నున్నగా చేయాల్సిందే, తప్పు లేదు. కానీ ఏదైనా కొలిచేటప్పుడు మాత్రం ఫిల్టర్ వేసే ముందు రా డేటాని పక్కన సేవ్ చేసుకోండి. ఆఫీసులో నేను ఇప్పుడు సర్వర్ రెస్పాన్స్ టైమ్ గ్రాఫ్‌లో సగటుతో పాటు ఊగుడుని కూడా ప్లాట్ చేస్తాను. ఆ వదులు వైరుని ఇంకోసారి ఎగ్జామినర్ చేతిలో పెట్టకూడదు కదా!